ప్రామాణిక నాలుక

ఒకే హోటల్లో, ఒకే వంటకం గురించి, ఒకే నెలలో ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చెప్పారంటే అందులో ఒకరు అబద్ధమాడుతున్నట్టే. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు. మా శాఖకు తట్టింది. మా శాఖ పేరు వినియోగదారుల అనుభూతి ప్రమాణాల శాఖ. పేరు పొడుగు, ఆఫీసు రెండు గదులు. అందులో నేను జూనియర్ అసిస్టెంటుని. ఫైలు కట్టడంలో నా చెయ్యి మంచిదని చెప్పుకుంటారు. ఆ మంచి చేత్తోనే నూకరత్నం గారి హోటల్ ఫైలు కూడా కట్టాను. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే, ఎందుకంటే నేను రోజూ పొద్దున్న టిఫిను చేసేది అక్కడే.

ఆ హోటల్ కాలవ వంతెన దిగగానే ఎడమ పక్క ఉంటుంది. బోర్డు లేదు. ఆరు బల్లలు, ఒక పెనం. పెనం దగ్గర నూకరత్నం గారు, బల్లల దగ్గర ఆవిడ అన్నగారు బుల్లబ్బాయి గారు. పేరుకే బుల్లబ్బాయి, వయసు అరవై ఎనిమిది. అక్కడ దొరికేది పెసరట్టు ఒక్కటే. ఎలా కావాలో మీరు చెప్పే పద్ధతి కూడా లేదు. మీరు కూర్చోగానే బుల్లబ్బాయి గారు మీ మొహం కేసి ఒకసారి చూసి వంటింట్లోకి కేకేస్తారు. ఆ కేకలో అట్టు పేరు ఉండదు, మనిషి పేరు ఉంటుంది.

"లెక్కల మేష్టారికొకటీ!" అంటే ఆయనకి పళ్ళు లేవు కాబట్టి మెత్తగా, పల్చటి చట్నీతో అని. "మిల్లు పాపారావుకొకటీ!" అంటే ఎర్రగా, కరకరలాడేలా, పచ్చిమిరపకాయలు దండిగా వేసి అని. "గవర్రాజుకొకటీ!" అంటే అది నాది. అల్లం రెండింతలు, ఉల్లిపాయ అంచులు నల్లబడేదాకా. నూకరత్నం గారు వెనక్కి తిరిగి చూడకుండానే ఎవరి అట్టు వాళ్ళకి పోసేస్తారు.

మూలబల్ల దగ్గర మా ఆఫీసు అటెండరు గున్నేశ్వరరావు కూర్చుంటాడు. ఆయనకి రక్తపోటు, పైగా కడుపులో పుండు. అందుకని ఉప్పు, కారం, అల్లం, నూనె ఏవీ లేని అట్టు. చూడ్డానికే నీరసం వస్తుంది. కానీ "గున్నేశ్వర్రావు గారికొకటీ!" అని కేక వినబడగానే ఆయన కాస్త నిటారుగా కూర్చుంటాడు. ఆఫీసులో మేమందరం ఆయన్ని 'ఏవోయ్' అంటాం. ఆ పేరు చివర 'గారు' ఊళ్ళో ఇంకెక్కడా తగలదు.

అక్కడ అన్నీ సవ్యంగా జరుగుతాయని నేననను. అట్టు కోసం ఒక్కోసారి ముప్పావుగంట కూర్చోవాలి. గ్లాసులు కడిగారో లేదో చెప్పలేం. ఇంకాస్త చట్నీ అడిగితే "చాల్లెండి, నిన్న మీకు కడుపు బాలేదని మీ ఆవిడ చెప్పింది" అని బుల్లబ్బాయి గారు అందరి ముందూ అనేస్తారు. కొత్తవాళ్ళు వస్తే మొహం చూసి ఊహిస్తారు. పదిసార్లకి ఎనిమిదిసార్లు ఆ ఊహ సరిపోతుంది. మిగిలిన రెండుసార్లలో ఒకటి బ్యాంకు ఆఫీసరు చక్రధర్ మీద పడింది.

ఆయన బదిలీ మీద ఆ రోజే రైలు దిగాడు. పొడుగు, సన్నం, నిద్రలేక పాలిపోయిన మొహం. బుల్లబ్బాయి గారు ఆయన్ని జాలిగా చూసి, "కామెర్ల నుంచి లేచినాయనకొకటీ!" అని కేకేశారు. నూనె చుక్కలేని అట్టు, పక్కన మజ్జిగ వచ్చాయి. "ఇంకో వారం నూనె ముట్టుకోకు బాబూ, మళ్ళీ తిరగబెడతది" అని సలహా కూడా వచ్చింది. బల్లల దగ్గర ఉన్నవాళ్ళంతా ఆయన కళ్ళు పచ్చగా ఉన్నాయా అని వంగి వంగి చూశారు. ఆయన లేచి, మా శాఖ అన్ని హోటళ్ళలోనూ వేలాడదీసిన అభిప్రాయాల రిజిస్టరు తీసుకుని మూడు పేజీలు రాశాడు.

ఆ మూడు పేజీల మూలంగా ఆ రిజిస్టరు మా ఆఫీసుకొచ్చింది. అప్పటికి అందులో రెండువందల పన్నెండు అభిప్రాయాలున్నాయి. నేను వాటిని విడదీసి పట్టిక వేశాను. కారం ఎక్కువ అన్నవాళ్ళు సగం, అసలు లేదన్నవాళ్ళు సగం. అట్టు మెత్తన అని కొందరు, కరకర అని కొందరు. వడ్డించే ఆయన కన్నతండ్రిలా చూశారని ఒకరు, మామగారిలా కసిరారని ఒకరు.

మా డిప్యూటీ డైరెక్టరు వైకుంఠరావు గారు ఆ పట్టికను చాలాసేపు చూశారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలీదు గానీ ఆఫీసులో మాత్రం ఫైలు భాషే మాట్లాడతారు.

"గవర్రాజూ, ఇందు సగం మంది అసత్యము పలికియున్నారు. అసత్య అభిప్రాయము వలన శాఖ గణాంకములు కలుషితమగుచున్నవి. ముప్పది దినములలోగా వినియోగదారుల అభిప్రాయములు ఏకీభవింపజేయని యెడల లైసెన్సు రద్దు చేయబడునని సదరు హోటలుకు తాఖీదు పంపుము."

పంపాను. పంపినవాణ్ణి నేనే కాబట్టి మర్నాడు అట్టు తినేటప్పుడు తలెత్తలేదు.

విచారణకి ఊరు సగం వచ్చింది. ముందు లెక్కల మేష్టారిని నిలబెట్టారు.

"మీరు పెసరట్టు మెత్తగా నున్నదని వ్రాసియున్నారు. అదే దినమున మిల్లు పాపారావు అను వారు కరకరలాడుచున్నదని వ్రాసియున్నారు. వీటిలో ఏది సత్యము?"

"రెండూనండి. ఆయనకి పళ్ళున్నాయండి, నాకు లేవండి."

"పళ్ళ సంగతి వ్యక్తిగత విషయము. రికార్డులోకి రాదు."

నేను రాయలేదు. ఆ రోజు రికార్డులోకి రాని వాటిలో మిల్లు పాపారావు చిన్నప్పటి నుంచీ కారానికి అలవాటు పడ్డ సంగతి, ఒక గర్భిణికి ఉల్లి వాసన పడని సంగతి, బ్యాంకు ఆఫీసరుకి కామెర్లు లేని సంగతి ఉన్నాయి. చివర నూకరత్నం గారు లేచారు. పిండి ఆరిన చేతులు కొంగుతో తుడుచుకుంటూ మాట్లాడారు.

"బాబు గారూ, ఎవరికి పడేది వాళ్ళకి పెడతన్నానండి. ముప్పై ఒక్కేళ్ళ నుంచీ మా ఇద్దరికీ ఆ పెనమే అన్నం పెడతంది. అది దింపేత్తే ఈ వయసులో నేనూ మా అన్నయ్యా ఏటైపోవాలండి?"

"మీ జీవనోపాధి పట్ల శాఖకు సానుభూతి గలదు. అయితే సానుభూతి నిమిత్తము నిబంధనలలో పేరా లేదు" అన్నారు వైకుంఠరావు గారు.

హోటల్ అక్కడితో మూతపడేదే. కానీ భోజన విరామంలో వైకుంఠరావు గారు కిటికీలోంచి బయటికి చూశారు. ఎదురుగా తూనికలు కొలతల ఆఫీసు ముందు కిరాణా వర్తకులు వరస కట్టి తూకపు రాళ్ళకి ముద్ర వేయించుకుంటున్నారు. ఆయన చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

"కిలో రాయికి ముద్ర గలదు. లీటరు కొలతకు ముద్ర గలదు. ఇన్ని కోట్ల మంది వాడుచున్న నాలుకకు ముద్ర ఏదీ?"

ఆ ఒక్క ప్రశ్నకి రాజధాని నుంచి పదిహేను రోజుల్లో అనుమతి వచ్చింది. జిల్లాకొక ప్రామాణిక నాలుకను ఏర్పాటు చేయాలి. ఆ నాలుక ఏది చెబితే అదే రుచి. మిగతా నాలుకలన్నీ దానితో సరిచూసుకోవాలి. నిబంధనలు నేనే టైపు చేశాను. తొమ్మిదో పేరా నాకు ఇప్పటికీ నోటికొచ్చు: ప్రామాణిక నాలుక అభిప్రాయమే సత్యము; దానికి విరుద్ధమగు అభిప్రాయము అసత్యము; అసత్య అభిప్రాయముపై సంతకము చేయుట నేరము.

నాలుక ఎంపిక మా ఆఫీసు హాల్లోనే జరిగింది. తొమ్మిదిమంది సిబ్బంది వచ్చారు. పధ్నాలుగు గిన్నెలు పెట్టారు, దేని దగ్గరా ఇష్టాయిష్టాలు బయటపడకూడదు. కాకరకాయ రసం, మామిడికాయ ముక్క, ఉప్పునీళ్ళు, పానకం, ఇలా. పధ్నాలుగోది మా క్యాంటీను టీ. ఒకడు కాకర దగ్గర మొహం చిట్లించాడు, ఒకడు పానకం రెండోసారి అడిగాడు. ఆ రెండు గిన్నెలూ దాటుకొచ్చినవాళ్ళంతా టీ దగ్గర పడిపోయారు. ఆఖరికి గిన్నెలు ఎత్తడానికొచ్చిన గున్నేశ్వరరావుని కూడా కూర్చోబెట్టారు. ఆయన పధ్నాలుగూ తాగి, తిని, ప్రతి గిన్నె దగ్గరా ఒకే మాట అన్నాడు.

"బానే ఉందండి."

వైకుంఠరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "విచలనము శూన్యము!" అన్నారు. అంటే తేడా బొత్తిగా లేదని.

ఆ రోజు నుంచి గున్నేశ్వరరావు ప్రభుత్వ ఆస్తి అయ్యాడు. గుర్తింపు కార్డు, జీపు ఇచ్చారు. దారిలో దుమ్ము పడి రుచి తేడా రాకుండా నోటికి పల్చటి గుడ్డ కట్టారు. వేడి టీ, కిళ్ళీ నిషేధించారు. మాట్లాడితే నాలుక అరుగుతుందని రోజుకి నలభై మాటలకి మించకూడదన్నారు. ఆ మాటలు లెక్కపెట్టే పని నాకే అప్పజెప్పారు. మొదటి రోజు ఆయన వాడుకున్నవి పదకొండు.

శనివారం పొద్దున్న నాలుకని నూకరత్నం గారి హోటల్‌కి తీసుకెళ్ళాం. ముందు ఒక గుమాస్తా, వెనక ఒక గుమాస్తా, మధ్యలో గుడ్డ కట్టుకుని గున్నేశ్వరరావు. పాపం, అలవాటు కొద్దీ మూలబల్ల దగ్గరే కూర్చున్నాడు. బుల్లబ్బాయి గారు ఆ గుడ్డా, ఆ హడావుడీ చూసి కంగారుపడ్డారు గానీ, మొహం మాత్రం గుర్తుపట్టారు.

"గున్నేశ్వర్రావు గారికొకటీ!"

అట్టు వచ్చింది. ఆయన గుడ్డ తీసి, నెమ్మదిగా తిని, చెయ్యి కడుక్కుని, "బానే ఉందండి" అన్నాడు. హోటల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నూకరత్నం గారు తలుపు పట్టుకుని ఏడ్చేశారు. లైసెన్సు నిలబడిందని ఆవిడ సంతోషం. ఆ అట్టులో ఏముందో, ఏం లేదో తెలిసినవాళ్ళం అక్కడ నలుగురమే ఉన్నాం. నేను నోరు విప్పాను కూడా.

"అయ్యా, అది ఆయన ఒంట్లో బాలేక తినే అట్టండి."

"ఒంటి సంగతి వ్యక్తిగత విషయము" అన్నారు వైకుంఠరావు గారు. అక్కడికక్కడే ఉత్తర్వు వేశారు. ఇకపై ఆ హోటల్లో ఎవరికైనా వడ్డించవలసినది సదరు ప్రామాణిక పెసరట్టు మాత్రమే. పేరు పెట్టి కేకవేయుట వలన వంటకములో వ్యత్యాసము ప్రవేశించుచున్నందున కేకలు నిషిద్ధం. అభిప్రాయాల రిజిస్టరులో 'బానే ఉంది' అని ముందే అచ్చు వేయించి ఇచ్చాం. వినియోగదారుడు సంతకం చేస్తే చాలు. ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి కమిషనరు గారు వచ్చి, అరముక్క తిని, ఒకటో నంబరు సంతకం పెట్టారు. రెండోది వైకుంఠరావు గారిది.

అప్పటి నుంచీ ఒక్క ఫిర్యాదు లేదు. మా జిల్లా పేరు రాష్ట్రమంతా మోగిపోయింది. ఇతర జిల్లాల వాళ్ళు వచ్చి మా నాలుకని చూసి వెళ్ళారు.

అయితే హోటల్‌కి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. మొదటివారం అందరూ జాలికొద్దీ వచ్చారు. అడుగుపెట్టగానే ఒకప్పుడు వినిపించే కేకలు లేవు. బుల్లబ్బాయి గారు పెదాలు బిగించుకుని, ఎవరి మొహమూ చూడకుండా, అందరి ముందూ ఒకే పాలిపోయిన అట్టు పెట్టి వెళ్ళిపోయేవారు. ఒకసారి నన్ను చూసి నోరు తెరిచి, గోడ మీది ఉత్తర్వు చూసి మూసుకున్నారు. మిల్లు పాపారావు చొక్కా జేబులో నాలుగు పచ్చిమిరపకాయలు తెచ్చుకుంటే మా తనిఖీ గుమాస్తా పట్టుకుని, 'అనధికార కారము' అని రాసి స్వాధీనం చేసుకున్నాడు. గర్భిణి రావడం మానేసింది. లెక్కల మేష్టారికి మెత్తదనం సరిపోయినా, "ఉప్పు లేకుండా ఎలా తింటాం గవర్రాజూ, నాకు పళ్ళే కదా పోయింది" అని ఆయనా మానేశారు.

నెల తిరిగేసరికి ఆరు బల్లల్లో అయిదు ఖాళీ. లైసెన్సు మాత్రం పటం కట్టించి గోడకి తగిలించారు. దాని కింద స్టూలు మీద కూర్చుని నూకరత్నం గారు నాతో అన్నారు. "కాయితం ఉంది, మనుషులే లేరు. రేపు నెలాకరుకి పెనం దింపేత్తాను బాబూ. అన్నయ్య ఇంట్లో కూడా మాటాడ్డం మానేసేడు."

ఆ ఫైలు కట్టినవాణ్ణి నేను.

నెలాఖరు తనిఖీకి ప్రామాణిక నాలుకని మళ్ళీ తీసుకెళ్ళాం. అది వాళ్ళ ఆఖరి వారమని వైకుంఠరావు గారికి తెలీదు, తెలిసినా రికార్డులోకి రాదు. గున్నేశ్వరరావు మూలబల్ల దగ్గర కూర్చుని, గుడ్డ విప్పుకుని, నిటారుగా ఎదురుచూశాడు. బుల్లబ్బాయి గారు వచ్చారు. ఆయన మొహం చూడకుండా అట్టు పెట్టి వెళ్ళిపోయారు.

గున్నేశ్వరరావు వంటింటి వైపు కాసేపు చూశాడు. తర్వాత తిన్నాడు. అదే అట్టు, అదే పెనం. చెయ్యి కడుక్కుని రిజిస్టరు దగ్గరికి వచ్చాడు. నా చేతిలో పెన్ను తీసుకుని, అచ్చులో ఉన్న మాటని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన గుండ్రంగా రాశాడు.

'బాగోలేదు.'

వైకుంఠరావు గారు రిజిస్టరు లాక్కుని రెండుసార్లు చదివారు. "పొరపాటున వ్రాసియుండును" అన్నారు. నేను జేబులోంచి నిబంధనల పుస్తకం తీశాను. తొమ్మిదో పేరా చదివాను. కావాలనే నెమ్మదిగా చదివాను.

"నాలుక మాటే సత్యమండి. కాబట్టి 'బానే ఉంది' అని సంతకం పెట్టిన మూడువందల ఎనభై ఆరుగురూ అసత్యం చెప్పినట్టేనండి. నేరమండి. ఒకటో నంబరు కమిషనరు గారు. రెండు తమరు. తాఖీదులు టైపు చెయ్యమంటారాండి?"

ఈ ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్ళలో అంత హాయిగా ఏ ప్రశ్నా అడగలేదు.

ఆయన గున్నేశ్వరరావు ఎదురుగా కూలబడ్డారు. మొదటిసారి ఫైలు భాష మర్చిపోయారు. "ఏమైందయ్యా? ఉప్పు తగ్గిందా? మాడిందా? ఏం బాగోలేదో చెప్పు."

"రుచి సంగతి నాకు తెలీదండి" అన్నాడు గున్నేశ్వరరావు. "మా ఇంటిది కాలం చేసిన ఏడు నాకు జొరం వచ్చిందండి. అది తగ్గేక నోటికేం తెలవట్లేదండి. పానకమైనా కాకరకాయైనా ఒకటేనండి. మూడేళ్ళయింది."

"మరి పధ్నాలుగు గిన్నెలకీ బానే ఉందన్నావు కదా?"

"ఎవరైనా అడిగితే అలా అనడం అలవాటండి."

"రుచే తెలియనివాడివి, రోజూ ఈ హోటల్‌కి ఎందుకొస్తావు?"

"ఇక్కడ నన్ను పిలుత్తారండి" అన్నాడు. "ఇంట్లో పిలిచేవాళ్ళు లేరు. పొద్దున్నే బుల్లబ్బాయి గారు ఆ కేకేసేరంటే నేనున్నానని తెలుత్తదండి. ఇయ్యాల పిలవలేదండి. అందుకే బాగోలేదని రాసేను."

నలభై మాటలు ఎప్పుడో దాటిపోయాయి. నేను లెక్కపెట్టడం మానేశాను. వంటింటి తలుపు దగ్గర బుల్లబ్బాయి గారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

ఇప్పుడు వైకుంఠరావు గారి ముందు రెండు దారులున్నాయి. రాష్ట్రం మెచ్చిన నాలుకకి రుచి తెలీదని కమిషనరు గారికి రాయడం, లేదా కమిషనరు గారి మీద కేసు పెట్టడం. ఆయన ఆ రెండూ కాక మూడోది పట్టుకున్నారు. "పిలుపు కూడా వంటకములో ఒక భాగమని ఉత్తర్వు సవరించుము. తదుపరి నాలుకచే మరల తినిపింపుము. నేటి దినము రికార్డులోకి రాదు."

సవరణ నేను రాశాను. 'వడ్డనకు పూర్వము వినియోగదారుని పేరు వంటశాలకు వినబడునట్లు పిలువవలెను.' అక్కడితో చుక్క పెట్టొచ్చు. నేను ఇంకో వాక్యం కలిపాను: 'వంటకము పిలుపునకు తగినట్లుండవలెను.' వైకుంఠరావు గారు చదవకుండానే సంతకం చేశారు. ఫైలు కట్టడంలో నా చెయ్యి మంచిదని ముందే చెప్పాను.

సంగతి రాత్రికే ఊరంతా తెలిసిపోయింది. మర్నాడు పొద్దున్న కాలవ వంతెన దాకా కేకలు వినబడ్డాయి. బుల్లబ్బాయి గారు నెలరోజుల బాకీ తీర్చుకుంటున్నట్టు అరుస్తున్నారు. "లెక్కల మేష్టారికొకటీ! మిల్లు పాపారావుకొకటీ! బ్యాంకాయనకొకటీ, కామెర్లు తగ్గిపోయేయి!" చక్రధర్ ఏదో అనబోయి, ముందుకొచ్చిన ఎర్రటి అట్టు చూసి ఊరుకున్నాడు. "గవర్రాజుకొకటీ!" అన్నప్పుడు నాకు అల్లం వాసన ముందే వచ్చింది. అట్టు కోసం ముప్పావుగంట కూర్చున్నాం. నా గ్లాసుకి ఎవరిదో పాత చట్నీ అంటుకుని ఉంది. దాని సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

"గున్నేశ్వర్రావు గారికొకటీ!"

ఆయన తిని, రిజిస్టరులో అచ్చు మాట కింద సంతకం పెట్టాడు. దాంతో కమిషనరు గారు నిర్దోషి అయ్యారు. మిరపకాయల ఘాటుకి కళ్ళ నీళ్ళు కారుతున్న పాపారావు, ఉల్లి లేని అట్టు తింటున్న గర్భిణి, అందరూ వరసగా అదే మాట కింద సంతకాలు పెట్టారు. అభిప్రాయాలన్నీ ఏకీభవించాయి.

ఎనిమిదిన్నరకి వైకుంఠరావు గారు తనిఖీకి వచ్చారు. ఒక్కరే వచ్చి మధ్యబల్ల దగ్గర కూర్చున్నారు. ఆ వాసనకి ఆయన గుటకలు మింగడం నాకు కనబడింది. బుల్లబ్బాయి గారు వచ్చి ఆయన మొహం కేసి చూశారు. ఇంకెవరినీ అంతసేపు చూడలేదు. చూసి, వంటింట్లోకి తిరిగి, చాలా గౌరవంగా కేకేశారు.

"రూలు బాబు గారికొకటీ!"

నూకరత్నం గారు వెనక్కి తిరిగి చూడలేదు. పాలిపోయిన అట్టు వచ్చింది. ఉప్పు, కారం, అల్లం, నూనె ఏవీ లేవు. వైకుంఠరావు గారు ఒక ముక్క తిని ఆగారు. చుట్టూ చూశారు. తర్వాత నా వైపు వంగి, మామూలు మనుషుల భాషలో, చిన్నగా అడిగారు.

"గవర్రాజూ, కాస్త ఉప్పు దొరుకుతుందేమో చూడవోయ్."

నేను రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాను. పెన్ను మూత తీసి చేతికిచ్చాను.

"అది వ్యక్తిగత విషయమండి" అన్నాను. "రికార్డులోకి రాదు."

ఆయన సంతకం పెట్టారు.